ఈ ప్రొఫైల్ ఎవరి కోసం?

ఆ సైటులో మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. "ఈ ప్రొఫైల్ ఎవరి కోసం?" అని అడిగి, కింద వరసగా ఇచ్చారు: నా కోసం, కొడుకు కోసం, కూతురి కోసం, సోదరుడి కోసం, సోదరి కోసం, బంధువు కోసం, స్నేహితుల కోసం. మా అమ్మాయి ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ వరసని పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

"అమ్మా, ఇందులో 'అమ్మ కోసం' అని లేదు" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. చివరికి "బంధువు కోసం" నొక్కింది. నాకు నలభై ఎనిమిదేళ్ళు. విడాకులు తీసుకుని ఏడేళ్ళయింది. మిషిగన్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. అమ్మాయి కాలేజీకి వెళ్ళాక ఇంట్లో ఒక్కదాన్నే. రాత్రి వంట ఎవరి కోసం చెయ్యాలో తెలియక పెరుగన్నం తిని పడుకునే రోజులు ఎక్కువైపోయాయి. అది గమనించింది మా అమ్మాయే. "నీకు ఎవరైనా ఉంటే బావుంటుంది కదమ్మా" అని మొదట అన్నదీ తనే.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో నాలాంటివాళ్ళు కొందరైనా ఉంటారని నాకు తెలుసు. గుడిలో, పిల్లల అరంగేట్రాల్లో, బతుకమ్మ దగ్గర కలుస్తూనే ఉంటాం. చీరల గురించి మాట్లాడుకుంటాం గానీ దీని గురించి మాట్లాడుకోం. ఏ సైటులో ప్రకటన పెట్టావు, ఎంత కట్టావు, ఎవరు ఎలా మోసం చెయ్యబోయారు అని ఒకరినొకరం అడగం. నన్ను కూడా ఎవరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

నా జీవితంలో ఇది రెండో ప్రకటన. మొదటిది 1998లో, ఆదివారం తెలుగు పేపర్లో "వరుడు కావలెను" కాలమ్‌లో వచ్చింది. తెనాలిలో మా ఇంటి వరండాలో కూర్చుని నాన్న రాశారు. ప్రకటనకి మాటల లెక్కన డబ్బు కాబట్టి ఒక్కో మాట వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రాశారు. కులం, గోత్రం, నక్షత్రం, ఎత్తు, బి.ఎస్సీ., తెలుపు, గృహకార్య నిపుణురాలు. నేను చామనఛాయ. వంట రాదు. "నాన్నా, అది నిజం కాదుగా" అంటే, "ప్రకటనలో అందరూ అలాగే రాస్తారమ్మా" అన్నారు. బాక్సు నెంబరుకి ఉత్తరాలు వచ్చాయి. అందులో ఒకటి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయిది. మరుసటి ఏడు నేనిక్కడ దిగాను.

ఆయన చెడ్డవాడు కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, రెండో ప్రకటన గొడవంతా ఇక్కడే మొదలైంది.

సైటు సంగతి చెప్పగానే తెనాలిలో అమ్మ రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు తనే చేసింది. "ఈ వయసులో ఏంటే ఇది?" అంది. హైదరాబాదులో "తోడు నీడ" అనే సంస్థ 2010 నుంచీ వయసు మీద పడినవాళ్ళకి తోడు వెతకడానికి సాయం చేస్తోందని, అక్కడికి వచ్చేవాళ్ళ ముందు నేను చిన్నపిల్లనని చెప్పాను. ఇంకో వారానికి అమ్మ మెత్తబడింది. మెత్తబడటమంటే ఒప్పుకోవడం కాదు, పని తన చేతుల్లోకి తీసుకోవడం. పిన్నితో కలిసి ప్రకటన రాయించి వాట్సాప్‌లో పంపింది. అందులో రెండు మాటలు నాకు గొంతులో ముల్లులా గుచ్చుకున్నాయి: "ఇన్నోసెంట్ డైవోర్సీ", "బాధ్యతలు లేవు".

మన పెళ్ళి ప్రకటనలు చదివేవాళ్ళకి ఇవి కొత్త కాదు. ఇన్నోసెంట్ అంటే తప్పు నాది కాదని. అంటే తప్పు అవతలివాళ్ళదని. పంతొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, మాట్లాడుకోవడానికి కరెంటు బిల్లు తప్ప ఇంకేమీ మిగలక విడిపోయిన ఇద్దరిలో ఇన్నోసెంట్ ఎవరు? ఇక రెండోది. బాధ్యతలు లేవంటే పిల్లలు లేరని, లేదా ఉన్నా మీ మీద పడరని.

"అమ్మాయికి ఇరవై ఏళ్ళొచ్చాయి, రేపో మాపో ఉద్యోగం వస్తుంది, ఇంక బాధ్యతేముందే? పిల్ల ఉందంటే సంబంధాలు వెనక్కి పోతాయి" అంది అమ్మ. ఫోన్ స్పీకర్లో ఉంది. మా అమ్మాయి స్టవ్ దగ్గర నూడుల్స్ కలుపుతూ వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా, నేను లయబిలిటీనా?"

అటువైపు అమ్మ ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది. ఆ రాత్రి అమ్మాయి త్వరగా గదిలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అమ్మ రాసినదాన్నే కాస్త సర్ది సైటులో పెట్టాను. "ఇన్నోసెంట్" తీసేశాను. "బాధ్యతలు లేవు" ఉంచాను. అలా రాస్తేనే పని జరుగుతుందని నాకూ లోపల ఎక్కడో నమ్మకం.

పని జరిగింది కూడా. మొదటి వారంలో నలభైకి పైగా ఇంట్రెస్టులు వచ్చాయి.

మన పెళ్ళి సైట్ల పుట్టుక కూడా ప్రవాసంలోనే కొంత జరిగింది. 1997లో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మురుగవేల్ జానకిరామన్ తోటి తమిళుల కోసం ఒక వెబ్‌సైటు పెట్టుకుంటే, అందులో పెళ్ళి ప్రకటనలకే ఎక్కువ గిరాకీ కనిపించింది. అదే భారత్‌మ్యాట్రిమొనీ అయింది. ఆయన పెళ్ళి కూడా దాని ద్వారానే కుదిరింది. తెలుగుమ్యాట్రిమొనీ దాని కొమ్మే. షాదీ డాట్ కామ్ కూడా దాదాపు అప్పటిదే. అంటే నాన్న వేళ్ళ మీద మాటలు లెక్కపెట్టే రోజుల్లోనే, ఆ కాలమ్ మొత్తం కంప్యూటర్లోకి తరలిపోవడం మొదలైపోయింది. గోత్రం, నక్షత్రం, ఎత్తు, రంగు, అన్నీ గడులుగా మారి అలాగే వెళ్ళాయి.

ఆ గడుల వల్ల వెతకడం తేలిక. మాతృభాష, వయసు, ఊరు, "విడాకులైనవారు" అని నొక్కితే జాబితా వచ్చేస్తుంది. అయితే సాధారణంగా ఉచితంగా ఇంట్రెస్టు పంపడం వరకే. ఫోన్ నెంబరు కావాలంటే డబ్బు కట్టాలి. మూడు నెలలకి కట్టాను. వచ్చిన ఫోన్లలో సగం మగవాళ్ళవి కావు, వాళ్ళ అక్కలవి, వదినలవి, అమ్మలవి. ఒక పెద్దావిడ "మా అబ్బాయికి యాభై రెండు, చాలా బుద్ధిమంతుడు" అంది. ఒకాయన నాకు సిటిజన్‌షిప్ వచ్చిందా లేదా అనే మొదట అడిగాడు. ఇంకొకాయనకి మంచం పట్టిన తల్లిని చూసుకునే మనిషి కావాలి. ఆ మాట దాచకుండా చెప్పాడు, అందుకు ఆయన మీద గౌరవమే. అమ్మాయి సంగతి చెప్పగానే మాత్రం అందరూ ఒకటే ప్రశ్న: "ఆ అమ్మాయి ఎవరి దగ్గర ఉంటుంది?"

ఒక ఆదివారం మా అమ్మాయి ఇంటికొచ్చి నా ఫోన్ తీసుకుని డేటింగ్ యాప్‌లు పెట్టింది. ఆ మాట మన ఇళ్ళలో ఎలా వినబడుతుందో మీకు తెలుసు. నాకూ అలాగే వినబడింది. "పేరుకేముందమ్మా, ఇదీ ప్రకటనే. తాతయ్య రాయలేదు, అంతే తేడా" అంది. ఈ దేశంలో ఇది పాతబడిన సంగతే. మ్యాచ్ డాట్ కామ్ 1995లోనే మొదలైంది. ఇప్పుడు టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్, మ్యాచ్, అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. బంబుల్ వేరు. అది 2014లో ఆడవాళ్ళే మొదట పలకరించాలనే నియమంతో వచ్చింది. హింజ్‌లో చిన్న చిన్న ప్రశ్నలిచ్చి జవాబులు రాయమంటారు. ల్యాబులో నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ "మా రోజుల్లో క్రెయిగ్స్‌లిస్ట్‌లో ఊరికే ప్రకటన పెట్టేవాళ్ళం" అంది. ఆ విభాగాన్ని 2018 మార్చిలో మూసేశారు. సైట్లలో మనుషుల అక్రమ రవాణా జరిగితే సైటు నడిపేవాళ్ళని కూడా బాధ్యులని చేసే చట్టానికి ఆ నెలలోనే అమెరికన్ కాంగ్రెస్ ఆమోదం దొరికింది.

ఇంటి చుట్టూ ఇరవై ఐదు మైళ్ళు అని పెట్టుకుంటే రెండో రోజే ఒక తెలిసిన ముఖం కనబడింది. మా గుడిలో ప్రతి శనివారం పులిహోర వడ్డించే ఆయన. నేను ఆయన్ని చూశానంటే ఆయన నన్ను చూసే ఉంటాడు. ఆ శనివారం వరసలో నిలబడి ఆకు ముందుకు చాపితే, ఆయన నా ముఖం చూడకుండా రెండు గరిటెలు ఎక్కువ వేశాడు. ఇంటికొచ్చి అమ్మాయితో చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత తెలిసింది, కొన్ని యాప్‌లలో మన ఫోన్‌లో ఉన్న నెంబర్లవాళ్ళకి మనం కనబడకుండా చేసుకోవచ్చని. ముందే చేసుకోండి.

ఇక నవ్వు రాని సంగతి.

ఒక యాప్‌లో ఒకతను పలకరించాడు. తెలుగువాడినే, చిన్నప్పుడే లండన్ వెళ్ళిపోయాను, భార్య పోయింది, ఇప్పుడు సముద్రంలో ఆయిల్ ప్లాట్‌ఫారం మీద ఇంజినీరుని అన్నాడు. రెండు రోజుల్లో వాట్సాప్‌లోకి రమ్మన్నాడు. పొద్దున్న లేవగానే గుడ్ మార్నింగ్, రాత్రి తిన్నావా అని. అక్కలారా, చెల్లెళ్ళారా, సిగ్గు విడిచి చెబుతున్నాను. నన్ను తిన్నావా అని అడిగిన మగమనిషి ఎన్నేళ్ళకో కనబడ్డాడు. మూడు వారాలు ఆ మెసేజ్ కోసం అలారం కంటే ముందే లేచాను. వీడియో కాల్ అంటే అక్కడ నెట్ సరిగ్గా లేదనేవాడు. తోటివాడి కూతురి పుట్టినరోజు, ఇక్కడినుంచి కొనలేకపోతున్నాను, ఒక గిఫ్ట్ కార్డు కొని వెనక నెంబరు గీకి ఫోటో పంపు, ఒడ్డుకి రాగానే ఇచ్చేస్తాను అన్నాడు. మూడు వందల డాలర్లది కొని పంపాను.

వారం తర్వాత పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోయింది, మూడు వేల ఎనిమిది వందలు కావాలన్నాడు. బ్యాంకు యాప్ తెరిచి కూర్చున్నాను. అప్పుడే ఇంకో మెసేజ్ వచ్చింది. నన్ను సంతోషపెట్టడానికి కాబోలు, తెలుగులో టైపు చేశాడు.

"నేను నిన్ను కోల్పోతున్నాను, ప్రియమైన."

చూడగానే చల్లగా అయిపోయింది నాకు. ఇంగ్లీషులో వాళ్ళు మిస్సవుతున్నాను అనే మాటని మెషీన్ తెలుగు చేస్తే అలా వస్తుంది. ఎంత చిన్నప్పుడు లండన్ వెళ్ళినా, తెలుగింట్లో పుట్టినవాడు "నువ్వు గుర్తొస్తున్నావు" అంటాడు, లేదా ఏమీ అనకుండా ఊరుకుంటాడు. "ఒక్క మాట తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టండి, మీ గొంతు వినాలనుంది" అన్నాను. జలుబన్నాడు. అతని ఫోటోని గూగుల్‌లో వెతికితే, అదే ముఖం వేరే పేరుతో, వేరే దేశంలో, పెళ్ళాం పిల్లలతో ఉంది. పాపం, ఆ ఫోటోలో మనిషికి ఈ సంగతే తెలిసి ఉండదు.

పది రోజులు ఎవరికీ చెప్పలేదు. పోయిన డబ్బు కంటే, అలారం కంటే ముందు లేచిన పొద్దుటిపూటలు ఎక్కువ అవమానంగా అనిపించాయి. చివరికి అమ్మాయికి చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా పక్కన కూర్చుని, కార్డు అమ్మిన కంపెనీకి రసీదుతో ఫోన్ చేయించింది. అప్పటికే డబ్బు వాడేశారు, తిరిగి రాలేదు. ఎఫ్‌టీసీకి ఫిర్యాదు పెట్టించింది. 2022లో ఒక్క ఏడాదిలో ఇలాంటి ప్రేమ మోసాల మీద ఎఫ్‌టీసీకి దాదాపు 70 వేల ఫిర్యాదులు వచ్చాయని, పోయింది మొత్తం 130 కోట్ల డాలర్లని అక్కడే చదివాను. డెబ్బై వేల మందిలో నేనొకదాన్నే అనుకుంటే కొంచెం ఊపిరాడింది. గిఫ్ట్ కార్డు, క్రిప్టో, వైరు, ఈ మూడింటిలో ఏది అడిగినా ఆ మనిషి ఎంత తియ్యగా మాట్లాడినా అక్కడితో సరి. పంపేసినా సరే, ఆ రోజే కార్డు కంపెనీకి, బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. నాలా పది రోజులు దాచుకోకండి.

ఆ రాత్రి మా అమ్మాయి ఒక మాట అడిగింది. "అమ్మా, నేను ఉన్నానని వాడికి చెప్పావా?"

చెప్పలేదు. ప్రొఫైల్లో బాధ్యతలు లేవని ఉంది కదా. వాడు అబద్ధం ఆడాడు, నిజమే. నేను ఆడింది కూడా అదే.

మర్నాడు అన్నీ తీసేశాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద, ముందు తెలుగులో, ప్రకటన కొత్తగా రాసుకున్నాను. మాటలు లెక్కపెట్టుకోలేదు. "నాకు నలభై ఎనిమిది. పంతొమ్మిదేళ్ళ పెళ్ళి ముగిసి ఏడేళ్ళయింది, అందులో తప్పులు ఇద్దరివీ. ఒక కూతురుంది, కాలేజీలో చదువుతోంది, సెలవులకి ఇంటికొస్తుంది, ఎప్పటికీ వస్తూనే ఉంటుంది. చామనఛాయ. వంట మామూలు. ఆదివారం పొద్దున్న తొమ్మిది లోపల ఎవరైనా ఫోన్ చేస్తే కోపం వస్తుంది. సాయంత్రాలు కలిసి తిని, కాసేపు నడవడానికి ఒక మనిషి కావాలి." దాన్నే ఇంగ్లీషులోకి మార్చుకుని ఒక పెళ్ళి సైటులో, ఒక డేటింగ్ సైటులో పెట్టాను. ఈసారి "ఎవరి కోసం" అన్న చోట "నా కోసం" నొక్కాను. ఫోటో అమ్మాయి తీసింది, నవ్వుతూ, ఏ ఫిల్టరూ లేకుండా.

నలభై వచ్చిన చోట నాలుగే వచ్చాయి. కానీ ఆ నలుగురూ చదివి రాశారు. డేటింగ్ సైటు నుంచి వచ్చిన ఒక ఉత్తరంలో మొదటి వాక్యం ఇది: "మీ అమ్మాయి ఏం చదువుతోంది?"

ఎవరి దగ్గర ఉంటుంది అని కాదు.

ఆయనది బళ్ళారి. కన్నడిగుడు. టొలీడోలో ఉంటాడు. భార్య పోయి ఐదేళ్ళు, ఇద్దరు మగపిల్లలు. తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడతాడు. పెళ్ళి సైటులో నేను మాతృభాష తెలుగు అని గడి నొక్కి ఉంచినన్నాళ్ళూ ఈయన నాకు కనబడే అవకాశమే లేదు. నాలుగో రోజునే వీడియోలో మాట్లాడుకున్నాం. రెండో వారంలో మధ్యలో ఉన్న మన్రో ఊళ్ళో, పట్టపగలు, జనం ఉన్న కాఫీ షాపులో కలిశాం. నా ఫోన్ లొకేషన్ అమ్మాయి చూస్తూనే ఉంది, గంటకోసారి బొటనవేలి బొమ్మ పంపింది. కాఫీకి ఎవరి డబ్బు వాళ్ళం ఇచ్చుకున్నాం.

ఏ సైటు మంచిదని నన్నడిగితే, పేరు చెప్పలేను. ఇండియాలో సంబంధం, అదే భాష, పెద్దవాళ్ళు కూడా మాట్లాడుకోవాలి అనుకునేవాళ్ళకి పెళ్ళి సైట్లే నయం. మీ ఊళ్ళో, మీ అంతట మీరు, భాషా కులం పక్కన పెట్టి చూడగలిగితే డేటింగ్ సైట్లు. యాభై దాటినవాళ్ళకి విడిగా కూడా ఉన్నాయి. ఏదైనా ముందు ఉచితంగా చేరి, మీ వయసువాళ్ళు మీ చుట్టుపక్కల ఎందరున్నారో చూసుకుని, ఉంటేనే ఒక్క నెలకి కట్టండి. కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయండి. నేను మూడు నెలలకి కట్టి, ఆపడం మర్చిపోయి ఆరు నెలలకి కట్టాను.

కొత్త ప్రకటన అమ్మకి ఫోన్లో చదివి వినిపించాను. చివరిదాకా విని, "వంట మామూలు అని రాశావేంటే, పరువు తియ్యడానికా?" అంది.

"మామూలేగా అమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాన్న రాసేటప్పుడు నిన్ను ఒక్క మాట అడగలేదు కదే మేము" అంది. అది ప్రశ్నో, కాదో తెలియలేదు. నేను జవాబు చెప్పలేదు. తర్వాత మనవరాల్ని ఫోన్ దగ్గరికి పిలవమంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. గది తలుపు వేసుకున్నారు.

మన్రో కాఫీకి ఇది నాలుగో నెల. పెళ్ళెప్పుడు అని అడక్కండి, మాకే తెలియదు. కిందటి శనివారం మా అమ్మాయి కూడా వచ్చింది. ఆయన చిన్నకొడుకూ వచ్చాడు. వాళ్ళిద్దరూ మమ్మల్ని వదిలేసి ఫోన్లలో ఏదో చూసుకుంటూ నవ్వుకున్నారు.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. పిన్ని కూతురికి కూడా విడాకుల కాగితాలు వచ్చేశాయట, పిన్ని మళ్ళీ ప్రకటన రాస్తూ కూర్చుందట.

"ఇన్నోసెంట్ అని రాస్తోందే. నేనే కొట్టేశాను. ఆ పిల్లనే రాసుకోమను, నీకెందుకు అన్నాను" అంది అమ్మ.